ఇల్లే కార్ఖానా అయినచోట

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మరాఠీ నేలమీద ఒక తెలుగు పాఠశాల డెబ్బై అయిదు సంవత్సరాలు నిలిచి వెలగడం సామాన్య విషయం కాదు. ఈ ఉత్సవాలలో వైద్యులైన వారి గురించి, ఇంజనీర్లైన వారి గురించి, చద్దర్లను, తువాళ్లను దేశాంతరాలకు ఎగుమతి చేసిన వారి గురించి ఎన్నో మంచి మాటలు విన్నాం. వారంతా ఈ బడి బిడ్డలేనని తలచుకుంటే గర్వం కలుగుతుంది. నిర్వాహకులు నన్ను నా వృత్తిని గూర్చి మాట్లాడమని ఆదేశించారు. బాలల సంక్షేమం, కుటుంబ సంక్షేమం నా వృత్తి. ఇందులో చెప్పుకోదగిన విజయాల పట్టిక చిన్నది. అందువల్ల నేను ఈనాడు మాట్లాడదలచింది విజేతలను గూర్చి కాదు. హాజరు పుస్తకంలో పేరుండి, తరగతి గదిలో మనిషి కనిపించని పిల్లలను గూర్చి.

సంక్షేమ కార్యకర్త అంటే మన పేటల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నోటు పుస్తకాలు, పాత బట్టలు పంచిపెట్టే దయామయి అని కొందరి భావన. పిల్లలను పట్టుకుపోయి రిమాండ్ హోమ్‌లో వేసే మనిషి అని మరికొందరి భయం. ఈ రెండవ భయం ఎంత పాతదంటే, 1924 నాటి బొంబాయి బాలల చట్టం కాలం నుండి వినిపిస్తున్న ఆ 'రిమాండ్ హోమ్' అన్న మాట చట్టపుస్తకాల నుండి తొలగి దశాబ్దాలు గడిచినా, అల్లరి చేసే పిల్లవాడిని బెదిరించడానికి తల్లులు నేటికీ దానినే వాడుతున్నారు. నిజానికి మా పని ఈ రెండింటిలో ఏదీ కాదు. బిడ్డ తన ఇంటిలోనే క్షేమంగా ఉండగలిగేటట్లు ఆ ఇంటిని నిలబెట్టడం మా మొదటి కర్తవ్యం. అది సాధ్యం కాదని తేలినప్పుడు మాత్రమే బిడ్డకు వేరొక నీడ వెదకడం రెండవ కర్తవ్యం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే మా వృత్తిలోని అసలు కష్టం.

ఆ కష్టం మన సోలాపూర్‌లో మరింత జటిలమైంది. కారణం తెలుసుకోవాలంటే మన పూర్వుల దారిని ఒకసారి స్మరించుకోవాలి. 1877లో ఈ ఊళ్లో నూలు మిల్లు నడక ప్రారంభించింది. నిజాం రాజ్యంలోని తెలంగాణా పల్లెల నుండి పద్మశాలీ కుటుంబాలు మూటాముల్లె నెత్తిన పెట్టుకొని తరతరాలుగా ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. కొందరు మిల్లులో చేరారు, కొందరు చేనేత మగ్గం వేసుకున్నారు, తరువాతి తరం పవర్‌లూమ్‌కు మారింది. సోలాపూర్ చద్దరుకు దేశమంతటా పేరు తెచ్చిన చేతులలో మన చేతులు తక్కువేమీ కావు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ మహర్షి రథం కదిలినప్పుడు ఊరు ఊరంతా చూసే వైభవం ఆ శ్రమ ఫలితమే. అయితే ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నెలజీతం, వైద్యం, పదవీ విరమణ నిధి ఇచ్చే ఉద్యోగం పోయి, మగవారికి పవర్‌లూమ్ కార్ఖానాలో నేసినంతకే కూలి మిగిలింది. ఇంటికి నమ్మకమైన ఆదాయం ఆడవారు చుట్టే బీడీల మీద ఆధారపడింది.

బీడీ పని ఇంటిలోనే జరుగుతుంది. తునికాకు నానబెట్టడం, కత్తెరతో కొలతకు కత్తిరించడం, పొగాకు నింపి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం, కట్టలు కట్టి కంపెనీ బ్రాంచిలో అప్పగించడం - ఇదంతా ఒక చేతి పనిగా కనిపించినా నిజానికి ఇంటిల్లిపాది పని. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బాగా లేవని తీసి పక్కన పెట్టిన బీడీలకు కూలి రాదు. కాబట్టి వెయ్యి పూర్తి కావాలంటే వెయ్యికి మించి చుట్టాలి. ఆ మించిన భాగం ఎవరి వేళ్లమీద పడుతుందో నేను చెప్పనక్కరలేదు. మూతులు మడవడానికి చిన్నవేళ్లే అనువైనవని మన అమ్మమ్మలు చెప్పిన మాట మనమందరం విన్నదే.

ఒక్క గది ఇంటిని ఊహించండి. ఒక మూల పొయ్యి, మరొక మూల తడిగుడ్డలో చుట్టిన ఆకు, నడుమ చాటలో పొగాకు. ఆ గదిలోనే చంటిబిడ్డ ఉయ్యాల, పరీక్షకు చదివే పిల్ల పుస్తకాలు, రాత్రి పాళీ చేసి వచ్చి పగలు నిద్రించే తండ్రి పడక. పొగాకు ధూళి ఎవరి వయస్సూ అడగదు. బీడీ కార్మిక మహిళలకు సొంత ఇళ్లు ఉండాలన్న సుదీర్ఘ పోరాటం ఫలించి కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేరిట నిర్మించిన పదివేల ఇళ్లు 2006లో వారి చేతికి వచ్చాయి. 2024 జనవరి 19న రాయ్‌నగర్‌లో మరో 15,000 ఇళ్లు బీడీ కార్మికులకు, నేత కార్మికులకు, తదితర శ్రమజీవులకు అందాయి. ఇది చిన్న ఘనత కాదు. అద్దె ఇంటి బెంగ తీరిన తల్లి ముఖం నేను చూశాను. అయితే పని మాత్రం ఆ కొత్త ఇంటిలోకి కూడ వెంట వచ్చింది. పైగా పాత బడి దూరమైంది.

ఇక చట్టం సంగతి. 1966లో బీడీ, సిగార్ కార్మికుల కోసం చేసిన చట్టం పధ్నాలుగేళ్లలోపు పిల్లలను బీడీ కార్ఖానాలో పనికి పెట్టరాదని నిషేధించింది. పని కార్ఖానా నుండి ఇంటికి చేరింది. 1986 బాలకార్మిక నిషేధ చట్టం పిల్లలు చేయరాని పనుల పట్టికలో బీడీల తయారీని చేర్చింది, కాని కుటుంబ సభ్యుల సాయంతో నడిచే పనికి మినహాయింపు ఇచ్చింది. 2016 సవరణ ఆ మినహాయింపును కుదించింది. పధ్నాలుగేళ్లలోపు పిల్లలు కుటుంబపు పనిలో సాయపడవచ్చునంటే, అది బడి వేళలకు వెలుపల, సెలవులలో మాత్రమేననీ, ప్రమాదకరమైన పనులలో అదీ కూడదనీ చెప్పింది. మంచిదే. అయితే చట్టం ఎన్నిసార్లు మారినా దానిని అమలుపరచే తనిఖీ అధికారి గడప దగ్గర ఆగిపోతాడు. కార్ఖానాకు బోర్డు ఉంటుంది, ఇంటికి ఉండదు. అధికారి వచ్చాడన్న మాట సందు మొదట వినబడగానే పిల్ల చేతిలో చాట మాయమై పుస్తకం ప్రత్యక్షమవుతుంది. ఆ తల్లిని దొంగ అనడానికి నాకు మనసు రాదు. ఆమె దాస్తున్నది నేరం కాదు, ఆ పూట కూడు.

చట్టం ఆగిన గడపను దాటవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానంగానే మా వృత్తి పుట్టింది. వెనుకటి కాలంలో నిరాధారులైన పిల్లలకు ఆశ్రమమే పరిష్కారమని పెద్దలు భావించారు. మన జిల్లాలోని పండరిపురంలో 1875 లోనే లాల్‌శంకర్ ఉమియాశంకర్ గారు అనాథ శిశువుల కోసం ఆశ్రమం స్థాపించిన చరిత్ర ఉంది. అది ఆనాటికి మహత్తర కార్యం. 1926లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ బొంబాయిలోని నాగ్‌పాడా శ్రామికవాడలో ఒక పొరుగు సేవాకేంద్రం ప్రారంభించారు. అక్కడికి కూతవేటు దూరంలోనే, తెలంగాణా నుండి వెళ్లిన కామాఠీల పేరు మోస్తున్న కామాఠీపుర ఉంది. జాలి ఒక్కటే చాలదనీ, కుటుంబాలతో పనిచేయడానికి శిక్షణ కావాలనీ గ్రహించి ఆయన సారథ్యంలో 1936లో సర్ దొరాబ్జీ టాటా సంస్థ సామాజిక సేవా విద్యాలయాన్ని నెలకొల్పింది. నేటి టాటా సామాజిక విజ్ఞాన సంస్థ అదే. 1984లో ఆ సంస్థ ముంబయి పోలీసు కమిషనర్ కార్యాలయంలో స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక విభాగం తెరిచి, పోలీసు గదిలోకి సామాజిక కార్యకర్తను తీసుకువెళ్లింది.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు తక్కువ కాదు. రాజమహేంద్రవరంలో 1909లో జన్మించి, ఎనిమిదేళ్ల వయస్సులో పెళ్లి అనే బంధంలో చిక్కి, పెద్దయ్యాక దానిని నిరాకరించిన దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, అదే సంవత్సరం మహారాష్ట్రకు చెందిన చింతామణి దేశ్‌ముఖ్ గారి సహధర్మచారిణి అయ్యారు. కుటుంబ వివాదాలను సాధారణ న్యాయస్థానాల హోరులో కాక ప్రత్యేక న్యాయస్థానాలలో విచారించాలని ఆమె ఆనాడే వాదించారు. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. భార్యాభర్తల తగాదాలో న్యాయమూర్తి కంటె ముందు ఇద్దరి మాటా ఓపికగా వినే సలహాదారుకు ఆ చట్టం చోటు కల్పించింది. ఇక మన పూర్వుల ప్రాంతంలోనే, రంగారెడ్డి జిల్లాలో, 1991 నుండి శాంతా సిన్హా గారు మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా చేసిన కృషి మాకు పాఠ్యగ్రంథం వంటిది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. కూలి తీసుకునే పిల్లలను మాత్రమే లెక్కపెడితే ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే ఆడపిల్ల లెక్కలోకి రాదు. ఆ కృషికి 2003లో మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షులు.

ఇంతవరకు చెప్పినది చరిత్ర. నిత్యం మా పని ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. బిడ్డ పేరు, పేట, సంవత్సరం చెప్పను. సంరక్షణ అవసరమైన బిడ్డ వివరాలు బయటపెట్టరాదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ శాసిస్తున్నది. చట్టం చెప్పకపోయినా అది మా వృత్తిధర్మం.

ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి వారానికి మూడు రోజులు బడికి వచ్చేది కాదు. వచ్చిన రోజు కూడ నిద్రతో తూగేది. మరొక ఉపాధ్యాయిని అయితే అశ్రద్ధ అని ఒక మాటలో తేల్చేవారేమో. ఆ తరగతి ఉపాధ్యాయిని హాజరు పట్టికను జాగ్రత్తగా గమనించి, కంపెనీలో ఆకు ఇచ్చిన మరునాడే ఈ పిల్ల రావడం లేదని పసిగట్టి మాకు కబురు పంపారు. నేను ఇంటికి వెళ్లాను. తండ్రి పవర్‌లూమ్ కార్మికుడు. పెద్ద కూతురి పెళ్లికి యజమాని వద్ద అడ్వాన్సు తీసుకున్నాడు, వారం వారం కూలిలో కోత పడుతున్నది, మిగిలిన దానిలో కొంత సారా దుకాణానికి పోతున్నది. తల్లి బీడీలు చుడుతుంది. ఇరుగుపొరుగువారు నాతో చెప్పింది ఒకటే మాట: "తాగుబోతు తండ్రి, ఆశపోతు తల్లి, పిల్లను హాస్టల్లో వేయించండమ్మా."

మొదటి రెండు రాకపోకలలో ఆ తల్లి నన్ను కూర్చోమనలేదు. మూడవసారి కూర్చోమంది. నాలుగవసారి నేను ఆమె పక్కన కూర్చొని ఆకు కత్తిరిస్తూ మాట్లాడాను. అప్పుడు చూశాను, ఆమె సూటిగా దారం వైపు చూడటం లేదు, వేళ్లతో తడుముతున్నది. నలభై దాటిన ఆమెకు దగ్గరి చూపు తగ్గింది. దారం సరిగా పడక బీడీలు తిరిగి వస్తున్నాయి. చూపు తగ్గిందని బ్రాంచిలో తెలిస్తే ఆకు ఇవ్వరేమోనని భయపడి భర్తకు కూడ చెప్పలేదు. తల్లి కళ్లుగా కూతురు కూర్చున్నది. ఆశపోతు తల్లి అన్న మాట అక్కడే వీగిపోయింది.

కళ్లద్దాలు వచ్చాయి. అద్దాలతో కథ సుఖాంతమైందని చెబితే మీరు సంతోషిస్తారు గాని, అది సత్యం కాదు. చూపు వచ్చినా పిల్ల బడికి రాలేదు. ఇంతకాలం వెనుకబడి, చిన్నపిల్లల ముందు లెక్క తప్పితే నవ్వుతారన్న సిగ్గు ఆమెను పట్టుకుంది. ఆ ఉపాధ్యాయిని రోజూ బడి విడిచాక ఒక గంట ఆమెతో కూర్చున్నారు. అడ్వాన్సు కోతను తగ్గించమని యజమానితో మాట్లాడటానికి మన కులపెద్దలలో ఒకరు నాతో వచ్చారు. తండ్రి తాగుడు మానడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి, మూడవది కూడ పూర్తిగా ఫలించలేదు. కాని వారపు కూలిని భార్య చేతిలో పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఇదంతా జరగడానికి ఒక విద్యాసంవత్సరం గడిచింది. ఆ అమ్మాయి పదవ తరగతి ఉత్తీర్ణురాలైంది. ఆ తరువాత బీడీ చుట్టలేదా అని మీరడిగితే, చుట్టింది. సెలవుల్లో చుట్టింది, కాలేజీ పుస్తకాల ఖర్చుకు చుట్టింది. అయితే బడి మానలేదు, ఇల్లు విడవలేదు, తల్లికి దూరం కాలేదు. హాస్టల్లో వేస్తే మాకు ఒక్క రోజు పని. ఇంట్లో ఉంచి చదివించడానికి ఒక ఏడాది పని. చట్టం కూడ ఈ రెండవ దారినే సమర్థిస్తుంది. బిడ్డ సంరక్షణ మొదటి బాధ్యత కుటుంబానిదనీ, సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమనీ 2015 చట్టం మూడవ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

ఆ చిట్టచివరి మార్గమే తక్షణ మార్గం కావలసిన ఘట్టాలు కూడ ఉన్నాయి. వాటిని గూర్చి ఈ పవిత్ర వేదికపై మాట్లాడకూడదని కొందరు అనుకోవచ్చు. మాట్లాడకపోవడం వల్లనే అవి జరుగుతున్నాయి కనుక మాట్లాడుతున్నాను. ఒక ఇంటిలో ఒక ఆడబిడ్డకు దగ్గరి బంధువు వల్లనే అన్యాయం జరిగింది. విషయం తెలిసిన కొందరు పెద్దలు ఇరుపక్షాలను కూర్చోబెట్టి జరిమానాతో సర్దుబాటు చేయబోయారు. పరువు పోతుంది, పిల్లకు పెళ్లి కాదు అన్నారు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం ఇటువంటి నేరం తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియపరచాలి. తెలిసీ చెప్పకపోవడం శిక్షార్హమైన నేరం. నేను ఫిర్యాదు చేశాను. సంరక్షణ అవసరమైన బిడ్డను ఇరవై నాలుగు గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళ్లాలన్న నియమం ప్రకారం బిడ్డను తీసుకువెళ్లాము. ఆ ఇంట్లో ఆమెకు రక్షణ లేదని తేలింది గనుక ఆమెను వేరొకచోట ఉంచారు. ఆ తరువాత ఆ సందులో ఏడాదిపాటు నాకు ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. పదేళ్లుగా "అక్కా" అని పిలిచినవారు తలుపు వేసుకున్నారు.

పెద్దలకు నా వినతి ఒక్కటే. భూమి తగాదాలో, అప్పు తగాదాలో, భార్యాభర్తల మాటపట్టింపులో మీ మధ్యవర్తిత్వం మాకు ఎంతో అవసరం. అడ్వాన్సు విషయంలో పెద్దమనిషి రాకపోతే ఆ యజమాని నా మాట వినేవాడు కాదు. కాని బిడ్డ శరీరం మీద జరిగిన నేరానికి రాజీ లేదు. జరిమానా ఎవరి జేబులోకి వెళ్లినా ఆ బిడ్డ మళ్లీ అదే ఇంట్లో, అదే మనిషి ఎదుట నిద్రించవలసి వస్తుంది. పరువు అన్నది ఆ బిడ్డకు కూడ ఉంటుంది.

ఇప్పుడు తెలుగు పాఠశాలకు ప్రత్యేకంగా సంబంధించిన ఒక విషయం మనవి చేస్తాను. మన తల్లులలో అనేకులకు మరాఠీ బజారు అవసరాలకు మాత్రమే వచ్చు. ఆసుపత్రి చీటీ, పోలీసు ఫిర్యాదు, పింఛను దరఖాస్తు, న్యాయస్థానపు సమను అన్నీ మరాఠీలో ఉంటాయి. తల్లికి రాని భాష బిడ్డకు వస్తుంది కనుక బిడ్డే దుబాసి అవుతుంది. రేషను కార్డు పనికైతే ఇబ్బంది లేదు. ఒకసారి భర్త కొట్టిన దెబ్బలను గూర్చి తల్లి తెలుగులో చెబుతుంటే, పదేళ్ల కూతురు దానిని అధికారికి మరాఠీలో చెప్పవలసి రావడం నేను కళ్లారా చూశాను. తల్లి "మీ నాయన" అంటుంది. కూతురు దానిని "మా నాయన" అని మార్చి చెప్పాలి. చెప్పి, సాయంత్రం ఆ నాయన ఉన్న ఇంటికే వెళ్లాలి. తల్లి దాచుకోదలచిన మాట కూతురు వినకుండా లేదు, కూతురు దాటవేయదలచిన మాట అధికారికి చేరనూ లేదు. పోక్సో కేసులలో బిడ్డ వాంగ్మూలం తీసుకునేటప్పుడు అనువాదకుని సాయం తీసుకోవచ్చునని చట్టంలోనే ఉంది. ఆ అనువాదకుడు ఎక్కడి నుండి రావాలి? తెలుగూ మరాఠీ రెండూ శుద్ధంగా నేర్పిన ఈ పాఠశాల నుండి రావాలి. తెలుగు మాధ్యమంలో చదివితే ఏ ఉద్యోగం వస్తుందని అడిగేవారికి నా సమాధానం ఇదే. కష్టంలో ఉన్న తల్లి మాటను ఆమె బిడ్డ నోటితో పలికించనవసరం లేకుండా చేసే విద్య మనకు ఈ బడి నేర్పింది.

కరోనా కాలం మనకు మరొక పాఠం నేర్పింది. 2021లో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల పేర మహారాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల డిపాజిట్టు ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వమూ పథకం ప్రారంభించింది. అయితే మా దృష్టికి వచ్చిన ఇళ్లలో ఎక్కువగా పోయింది ఒక్కరే, సాధారణంగా తండ్రి. తల్లి ఉన్నది కనుక ఆ పిల్లలు లోకం దృష్టిలో అనాథలు కారు. కాని ఆ తల్లి బీడీల కూలి మీద ముగ్గురు పిల్లలను చదివించగలదా? ఇటువంటి ఒంటరి తల్లుల పిల్లల కోసం రాష్ట్రంలో బాలసంగోపన పథకం ఉంది. కేంద్రపు మిషన్ వాత్సల్య కింద 2022 మార్గదర్శకాల ప్రకారం అర్హులైన పిల్లలకు నెలకు 4000 రూపాయల సహాయం ఉంది. పిల్లను ఆశ్రమానికి పంపనక్కరలేకుండా ఇంటిలోనే ఉంచుకోవడానికి ఇచ్చే సాయమిది. మరణ ధ్రువీకరణ పత్రంలో పేరు ఒక తీరు, ఆధార్‌లో మరొక తీరు, బడి రికార్డులో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో వెనుక. ఈ ఒక్క కారణాన ఎన్నో దరఖాస్తులు తిరిగి వస్తాయి. అక్షరం దిద్దించే ఓపిక ఉన్న మనిషి ఒకరు వెంట ఉంటే ఆ ఇల్లు నిలబడుతుంది.

కనుక ఈ ప్లాటినం జూబిలీ సందర్భంగా మూడు వర్గాలవారికి మూడు విన్నపాలు.

ఉపాధ్యాయులారా, ఆ కుటుంబంలోకి తొంగిచూసే తొలి కిటికీ మీ హాజరు పుస్తకం. ఒక బిడ్డ వరుసగా మూడు రోజులు రాకపోతే కారణం కనుక్కోండి. కొత్త కాలనీలకు కుటుంబం మారినప్పుడు బదిలీ పత్రం ఇచ్చి ఊరుకోక, ఆ బిడ్డ అక్కడి బడిలో చేరిందో లేదో ఒక్క మాట విచారించండి. రెండు బడుల మధ్య జారిపోయిన పిల్లలే మాకు ఎక్కువగా ఎదురవుతారు.

తల్లిదండ్రులారా, ఆడపిల్ల పని నేర్చుకోవాలి గదా అంటారు. నేర్చుకోనివ్వండి, బడి మానకుండా, పొగాకు ముట్టకుండా నేర్చుకునే పనులు ఎన్నో ఉన్నాయి. పద్దెనిమిది నిండకుండా ఆమెకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. ఆ వయస్సులో ఆమె శరీరానికీ మనసుకూ అది భారం. ఇంట్లో ఇబ్బంది కలిగితే సంకోచించక బడిలో చెప్పండి. అడగడం అవమానం కాదు. ఆపదలో ఉన్న ఏ బిడ్డ కోసమైనా 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. 1996లో ముంబయిలో ఆరంభమైన ఆ సేవ 2023 నుండి ప్రభుత్వ శాఖ నిర్వహణలో సాగుతున్నది.

పూర్వ విద్యార్థులారా, ఈ బడికి మీరు భవనాలు ఇచ్చారు, బహుమతులు ఇచ్చారు. ఇప్పుడు నెలకు ఒక ఆదివారం ఇవ్వండి. దరఖాస్తు నింపడానికి, ఆసుపత్రిలో, పోలీసు స్టేషనులో, న్యాయస్థానంలో తల్లి వెంట దుబాసిగా నిలబడటానికి మాకు మనుషులు కావాలి. కంటివైద్యులు ఉన్నారు, ఏడాదికి ఒకసారి బీడీ చుట్టే తల్లుల చూపు పరీక్షించండి. న్యాయవాదులు ఉన్నారు, కుటుంబ వివాదాలలో తొలి సలహా ఉచితంగా ఇవ్వండి. మీలో కార్ఖానాల యజమానులు కూడ ఉన్నారు. పెళ్లికని అడ్వాన్సు ఇచ్చినప్పుడు, ఆ వారం వారం కోత ఏ పిల్ల చదువు మీద పడుతుందో ఒక్కసారి లెక్క చూడండి.

ఈ పాఠశాలను స్థాపించిన మహనీయులు వలస వచ్చిన నేతగాళ్ల బిడ్డలకు చదువు కావాలని కలగన్నారు. ఆ కల డెబ్బై అయిదేళ్లలో చాలావరకు నెరవేరింది. మిగిలినది ఎంత అని ఎవరైనా అడిగితే, రేపు ఉదయం ప్రార్థన ముగిశాక హాజరు పిలిచేటప్పుడు జవాబు రాని పేర్లను చూపవచ్చు. ఆ పేర్ల ఇళ్లకు దారి మనందరికీ తెలుసు. అందులో కొన్ని మనం పుట్టిన ఇళ్లే.